దిగు అన్నవాడు పైన, దిగినవాడు తెర వెనక: మ్యాన్‌హోల్ చావుల మీద బొమ్మలాట తయారీ డైరీ

1వ రోజు

పని ఇది. మ్యాన్‌హోళ్ళలో, సెప్టిక్ ట్యాంకుల్లో దిగి చనిపోతున్న పారిశుద్ధ్య కార్మికుల గురించి 25 నిమిషాల వీధి ప్రదర్శన. స్టేజీ, మైకు, కరెంటు కనెక్షన్ లేకుండా సందు చివర ఆడగలగాలి. మనుషులు ఆరుగురు. సామాను ఒక ట్రాలీ ఆటోలో పట్టాలి.

ఈ విషయానికి మామూలు వీధి నాటకం చాలదు. చావు జరిగేది నేల కింద, పది పన్నెండు అడుగుల లోతున, ఎవరి కంటా పడని చోట. నటుడు రోడ్డు మీద పడి కొట్టుకుంటే మొదటి రెండు వరుసలకే కనపడుతుంది, అదీ నటనగానే కనపడుతుంది. అందుకని రెండు రకాల బొమ్మలు తీసుకున్నాం. నేల మీద జరిగేదానికి బుట్టబొమ్మ, నేల కింద జరిగేదానికి తోలుబొమ్మల పద్ధతిలో తెర. రెండిటినీ కలిపేది ఒకే ఒక తాడు. దాని ఒక కొస పైనున్న పదిన్నర అడుగుల బుట్టబొమ్మ ‘పెద్దాయన’ చేతిలో, రెండో కొస తెర వెనక కార్మికుడి నడుముకి. ఆట మొత్తం ఈ తాడు మీదే నడుస్తుంది.

రాజకీయ ఊరేగింపుల్లో పెద్ద బొమ్మలనగానే పీటర్ షూమన్ గుర్తొస్తాడు. ఆయన 1963లో న్యూయార్క్‌లో బ్రెడ్ అండ్ పప్పెట్ థియేటర్ పెట్టి, వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా జరిగిన ర్యాలీల్లో మనిషి కంటే ఎత్తైన బొమ్మలను నడిపించాడు. అట్ట, పాత గుడ్డ, పిండి జిగురు ఉంటే చాలన్నది ఆయన దారి. మనకు ఆ దారి బుట్టబొమ్మ రూపంలో ముందే ఉంది. తణుకు వైపు పెళ్ళి ఊరేగింపుల్లో, జాతరల్లో మనిషి లోపల దూరి ఆడించే బోలు బొమ్మ అది. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి బుర్రకథతో చేసింది కూడా ఇదే కదా. జనం చెవికి, కంటికి ముందే అలవాటైన రూపంలోకి కొత్త సంగతి ఎక్కించింది.

2, 3 రోజులు

కార్మికుల వాడలో రెండు సాయంత్రాలు. కథలు అడగలేదు, పని ఎలా చేస్తారో అడిగాం. మూత దేంతో తీస్తారు, తీశాక ఎంతసేపు ఆగుతారు, తాడు ఎక్కడ కడతారు, పైన ఎంతమంది ఉంటారు, లోపల చేతికి మొదట తగిలేదేంటి.

స్కెచ్చులో కార్మికుడి బొమ్మకు హెల్మెట్, బూట్లు, పసుపు జాకెట్ వేశాం. చూసి, “ఎవరండీ ఈయన?” అని అడిగారు. నిక్కరుతో దిగుతారు, ఒంటి మీద ఇంకేమీ ఉండదు. ముందు పొడవాటి వెదురు బద్దతో పొడిచి చూస్తారు. అడ్డు కదలకపోతేనే దిగమంటారు. మూత గడ్డపారతో లేపి పక్కకు దొర్లిస్తారు. బొమ్మలన్నీ దీని ప్రకారం మార్చాం.

దిగేముందు తాగుతారన్న మాట బయట బాగా తిరుగుతుంది. ఆ ముక్క ఆటలోకి వస్తే జనం నవ్వుతారు, తప్పంతా దిగినవాడి మీదికి పోతుంది. పూర్తిగా తీసేశాం.

5వ రోజు. చట్రం

మురుగు పొంగింది (3 నిమిషాలు). పెద్దాయన వచ్చాడు (4). గుంటలో (7). రెండోవాడు దిగబోతుంటే ఆట ఆపడం (6). ప్రశ్నలు, చట్టం (5).

పెద్దాయనకు మాట ఒక్కటే: “ఐదు నిమిషాల పనే కదా, దిగు.” ఆయన కాంట్రాక్టరా, ఇంటి యజమానా, మున్సిపాలిటీ మనిషా అన్నది చెప్పం. చూసేవాళ్ళు తమకు తెలిసిన మొహాన్ని అక్కడ పెట్టుకుంటారు. ఎవరో ఒకరి పోలికలు తెస్తే ఆట ఆ ఒక్కరి గురించే అయిపోతుంది.

కథ నడిపేది కేతిగాడు, బంగారక్క. తోలుబొమ్మలాటలో రామాయణం నడుస్తుండగానే మధ్యలో దూరి ఊరి సంగతులు మాట్లాడే హక్కు ఈ ఇద్దరికీ, జుట్టుపోలిగాడికీ ఎప్పటినుంచో ఉంది. వాళ్ళ మోటు సరసం వదిలేసి నోటి దురుసు ఒక్కటే ఉంచాం.

6 నుంచి 14వ రోజు దాకా. పెద్దాయన తల

తల ఎత్తు రెండున్నర అడుగులు, వెడల్పు రెండు. ముందు భాగం కాగితం, వెనక భాగం మేదరి బుట్ట. తల చుట్టూ కాగితమే వేస్తే బరువు రెట్టింపవుతుంది. వెనక వైపు ఎలాగూ గుడ్డ కిందే ఉంటుంది.

మొహానికి మట్టి అచ్చు కావాలి. చెక్క మీద వరిగడ్డి మోపును పురికొసతో బిగించి ముక్కు, చెంపల ఎత్తులు ముందే తెచ్చుకున్నాం. దానిమీద కుమ్మరి మట్టి 35 కిలోలు, రెండంగుళాల మందాన. గడ్డి లేకుండా అంతా మట్టే పోస్తే మూడింతలు పడుతుంది, ఎత్తడానికి నలుగురు కావాలి. ముక్కు, కనుబొమలు, పెదవి మామూలుగా అనిపించేదానికంటే రెట్టింపు ఉబ్బెత్తుగా చెయ్యాలి. దగ్గర్నుంచి చూస్తే వికారంగా ఉన్న మొహమే నలభై అడుగుల నుంచి సరిగ్గా కనపడుతుంది. కనుబొమల కింద లోతు ఎక్కువుంటే సాయంత్రం వెలుతురులో కళ్ళకు రంగుతో పని లేదు, నీడే కన్ను అవుతుంది.

జిగురు: మైదా 1 కిలో, చన్నీళ్ళు 1 లీటరు కలిపి ఉండలు లేకుండా జావ చేసుకోవాలి. 4 లీటర్ల మరిగే నీళ్ళలో సన్నధారగా పోస్తూ కలపాలి. తెల్లదనం పోయి గాజులా మెరిసేదాకా, అంటే ఆరేడు నిమిషాలు. దించాక మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) ఒక టీస్పూను వేడినీళ్ళలో కరిగించి పోయాలి. లేకపోతే మూడో రోజుకు పులిసి కంపు కొడుతుంది, ఆరిన తలను బొద్దింకలు, ఎలుకలు కొరుకుతాయి. మైలుతుత్తం విషం. అల్యూమినియం గిన్నెలో కలిపితే గిన్నెనూ తినేస్తుంది, ప్లాస్టిక్ బకెట్ వాడాలి. చేతులకు గ్లవ్స్ తప్పనిసరి, పిల్లల్ని ఆ బకెట్ దగ్గరికి రానివ్వకూడదు. తలకూ చేతులకూ కలిపి రెండున్నర కిలోల మైదా పట్టింది.

పొరలు: మట్టి మీద మొదటి పొర జిగురు లేకుండా ఉత్త తడి న్యూస్‌పేపరు. అది అచ్చు నుంచి ఊడి రావడానికే. ఆపైన ఆరు పొరలు, ఒకటి న్యూస్‌పేపరు, ఒకటి గోధుమరంగు ప్యాకింగ్ కాగితం. రంగు మారుతుంటే ఎక్కడ ఎన్ని పొరలు పడ్డాయో లెక్క తప్పదు. కాగితాన్ని కత్తిరించకూడదు, చించాలి. కత్తెర అంచు గీతలా పైకి తేలుతుంది, చించిన అంచు పక్క ముక్కలో కలిసిపోతుంది. మూడంగుళాల ముక్కలు, రోజుకు రెండు పొరలు.

తప్పు 9వ రోజు జరిగింది. తొందరపడి అచ్చును ఎండలో పెట్టాం. ఎండ తగిలిన కుడి చెంప ముందు ఆరి బిగుసుకుంది, ఎడమవైపు తడిగానే ఉండిపోయింది. సాయంత్రానికి దవడ అంగుళంన్నర పక్కకు తిరిగింది. కింద మట్టి తడిగా ఉన్నంతకాలం నీడలో, ఫ్యాను గాలిలోనే ఆరనివ్వాలి. ఎండ చూపించాల్సింది అచ్చు నుంచి ఊడదీశాకే. దవడ గీత వెంట కోసి, సరిచేసి, లోపల్నుంచి ప్యాకింగ్ కాగితం రెండు పొరలు అతికించాం.

తూస్తే 3.4 కిలోలు వచ్చింది. చెంపల దగ్గర రిపేరుతో కలిపి తొమ్మిది పొరలు అయిపోయాయి. పదడుగుల ఎత్తున కిలో తేడా అంటే మోసేవాడి నడుము మీద నాలుగు కిలోల గుంజుడులా ఉంటుంది, తల ఊగినప్పుడల్లా లాగేస్తుంది. చెవుల వెనక భాగం కోసేసి బుట్టను ముందుకు జరిపాం. చెంపల లోపల అదనపు పొరలు తడిపి ఒలిచాం. చివరికి 2.3. పైన వాటర్ ప్రైమర్ ఒక కోటు, డిస్టెంపర్‌తో రంగు. ఆయిల్ పెయింట్ వద్దు, బరువు, పైగా టార్చి వెలుగులో మెరిసి మొహం చెరిగిపోతుంది.

15 నుంచి 18వ రోజు దాకా. వీపు చట్రం

అంగుళం లావు ముదురు వెదురు కర్రలు రెండు, ఏడడుగులవి, మధ్యలో మూడు అడ్డబద్దలు. పచ్చి వెదురు వద్దు, ఆరాక కుంచించుకుపోయి కట్లు వదులవుతాయి. కట్లు తడి పురికొసతో వెయ్యాలి, ఆరితే బిగుస్తాయి. బైండింగ్ వైరు బిగువుగానే ఉంటుంది కానీ మోసేవాడి వీపు కోస్తుంది.

బరువు భుజాల మీద పడితే పది నిమిషాలు ఆగడం కష్టం. నడుం మీద కూర్చోవాలి. మంచం నవారు మూడంగుళాల వెడల్పుది నడుముకు రెండు చుట్లు, కింది అడ్డబద్దకు కుట్టేశాం. భుజాలకు పాత స్కూలు బ్యాగు పట్టీలు, అవి చట్రం వెనక్కి వాలకుండా పట్టుకోవడానికే. చట్రం 2.6 కిలోలు, ఐదు పాత చీరల అంగీ 2 కిలోలు, పట్టీలు 600 గ్రాములు, తలతో కలిపి ఏడున్నర. చేతులు వేరే. అట్టపెట్టెలతో చేసిన రెండడుగుల అరచేతులు, ఆరడుగుల సన్న వెదురు మీద, ఒక్కోటి ఒక్కో మనిషి పట్టుకుంటారు. కుడి చెయ్యి పట్టుకున్నవాళ్ళదే అసలు పాత్ర, ఎందుకంటే తాడు ఉన్నది ఆ చేతిలోనే.

లోపలివాళ్ళకు కనపడటానికి అంగీ ఛాతీ దగ్గర దోమతెర గుడ్డ ముక్క, అడుగు వెడల్పు. పన్నెండు నిమిషాలకు మించి ఒకరే లోపల ఉండకూడదు. బయట హాయిగా ఉన్నా లోపల ఆవిరిపొయ్యిలా ఉంటుంది.

మెడ కర్రను రెండడుగులు కిందికి దింపుకునేలా జారుడు పెట్టాం. ఇది అందం కోసం కాదు. వాడల్లో కరెంటు తీగలు బాగా కిందికి వేలాడుతుంటాయి. తీగ కింద బొమ్మ లేవదు, ఇందులో బేరం లేదు. వెదురే కదా అనుకోవద్దు, తడిసిన వెదురులోంచి కరెంటు వస్తుంది. చోటు చూడటానికి పగటిపూట వెళ్ళి, తీగలు లేని ఇరవై అడుగుల మేర సుద్దతో గీసి రావాలి. దొరక్కపోతే ఆ సందులో తెర ఒక్కటే ఆడాలి.

గాలికి అంగీ తెరచాపలా పనిచేస్తుంది. పక్కలు నడుం దాకా చీల్చి వదిలాం. భుజాల నుంచి రెండు తాళ్ళు వెనక వేలాడతాయి, చేతులవాళ్ళు అవసరమైతే పట్టుకుంటారు. దగ్గర్లో ఉన్న జెండా గుడ్డ వేలాడకుండా నిలువునా పరుచుకుని ఎగురుతుంటే బొమ్మ లేపం.

19 నుంచి 27వ రోజు దాకా. గుంటలోని బొమ్మలు

ఒడిశా నీడబొమ్మలాట రావణఛాయలో బొమ్మకు కీళ్ళుండవు, రంగుండదు. నల్లటి నీడ. మన తోలుబొమ్మది రంగు నీడ. మేకతోలును పలచగా, వెలుగు పారేలా చేసి, రెండు వైపులా రంగు వేసి, నగల దగ్గర కన్నాలు పొడుస్తారు. ఒళ్ళంతా విరుగుతుంది, చేతులు మాట్లాడతాయి. ఈ తేడాను ఆటకు వాడుకున్నాం. పైపులు, మూత, ఇటుక గోడ నల్లటి అట్టతో. మనుషులు మాత్రమే వెలుగు పారేలా, రంగుతో. చీకటి గుంటలో రంగున్నది మనిషి ఒక్కడే.

అసలు తోలుబొమ్మ చెయ్యడం నిమ్మలకుంట కళాకారుల పని. ఆ తోలు తయారీ, ఆ ఉలి పని ఆరు వారాల్లో వచ్చేది కాదు, నకలు చేసి దానికి తోలుబొమ్మ అని పేరు పెట్టడమూ సరికాదు. మేం పాత ఎక్స్‌రే ఫిల్ములు వాడాం. బకెట్ నీళ్ళలో బ్లీచింగ్ పౌడర్ 100 గ్రాములు కలిపి అరగంట నానబెడితే నల్లపొర మెత్తబడి గుడ్డతో తుడిస్తే పోతుంది. రోగి పేరు, వివరాలు కూడా దాంతోనే పోతాయి, పోయాయో లేదో ఒక్కో ఫిల్మూ చూసుకోవాలి. కొత్త డిజిటల్ ప్రింటు ఫిల్ముల్లో కొన్ని ఇలా ఊడవు, ముందు ఒక ముక్క నానబెట్టి చూడాలి. పని ఆరుబయటే చెయ్యాలి. బ్లీచింగ్ బకెట్లో యాసిడ్ చుక్క పడినా క్లోరిన్ గ్యాసు లేస్తుంది. ఆ నీళ్ళలో వెండి ఉంటుంది, కాలువలో పారబోయొద్దు. ఎవరో ఒకరు చేత్తో ఎత్తాల్సిన మురుగులో అది కలుస్తుంది. డ్రమ్ములో పోసి మూతపెట్టి, ఎక్స్‌రే ఫిల్ముల వెండి తీసేవాళ్ళకు అప్పజెప్పాం.

ఫిల్ముకు సహజంగా ఉండే లేతనీలం గుంటకు బాగా కలిసొచ్చింది. రంగులకు గాజు మీద వేసే రంగులే వాడాలి. పోస్టర్ కలర్ వేస్తే వెలుగు ఆగిపోయి నల్లగా కనపడుతుంది. ఒక్కో మనిషి బొమ్మ 30 అంగుళాలు, ఫిల్ములు మూడు. మొత్తం బొమ్మలు పద్నాలుగు, అందులో కీళ్ళున్నవి ఐదు.

కీలు దగ్గర 3 మిల్లీమీటర్ల కన్నం, నైలాన్ దారం, రెండు వైపులా ముడి. రెండు ఫిల్ముల మధ్య నీళ్ళ సీసా ప్లాస్టిక్‌తో కోసిన చిన్న బిళ్ళ పెట్టాలి. బిళ్ళ లేకపోతే ఫిల్ము ఫిల్ముకు అతుక్కుని చెయ్యి మధ్యలో ఆగిపోతుంది.

ఎక్కువ రోజులు తిన్నది కార్మికుడు కూలిపోయే క్షణం. తోలుబొమ్మకు నడిమి బద్ద ఉంటుంది. వెదురును నిలువునా చీల్చి, బొమ్మను తల నుంచి కింది దాకా ఆ చీలికలో ఇరికిస్తారు. నిలబడటానికి, ఎగరడానికి అది బాగుంటుంది. కూలడానికి అడ్డం. మొదటి నాలుగుసార్లు బొమ్మ చెట్టు నరికినట్టు నిలువునా పడింది. మనిషి ఊపిరాడక పడేది అలా కాదు. ముందు మోకాళ్ళు, తర్వాత నడుం, ఆఖరున తల. బద్దను నడుం దాకానే కోసి, తొడ, మోకాలు కీళ్ళను దారం ఒక చుట్టు వదులు చేశాం. చేతి బద్దలు రెండూ ఒకేసారి వదలకూడదు. కుడి చెయ్యి గోడ మీద ఇటుకను పట్టుకుని ఉండగా మోకాళ్ళు వంగాలి, ఆ చెయ్యి ఇటుక వెంట కిందికి జారుతూ రావాలి, వేళ్ళు చివరి ఇటుక దగ్గర ఆగాలి. దీనికి పట్టే టైము తొమ్మిది సెకన్లు. ఐదులో చేస్తే జారిపడ్డట్టుంటుంది, పన్నెండులో చేస్తే నిద్రపోతున్నట్టుంటుంది.

28, 29 రోజులు. తెర, దీపం, తాడు

తెర ఎనిమిదడుగులు ఐదడుగులు, రెండు నూలు పంచెలు కలిపి కుట్టింది. కుట్టు అడ్డంగా, నేల గీత పడే చోట. దాన్నే రోడ్డుగా వాడుకున్నాం. కట్టేముందు తడిపి లాగి కడితే ఆరాక డప్పులా బిగుస్తుంది. పై అంచు జనం వైపు నాలుగంగుళాలు వాలి ఉంటే బొమ్మ తెరను ఆనుకుని నిలుస్తుంది. కదలని బొమ్మలను ముల్లుతో తెరకు గుచ్చడం పాత పద్ధతి, అదే పనిచేసింది.

మామూలు ఎల్‌ఈడీ బల్బులో చుక్కలు చాలా ఉంటాయి. చుక్కకో నీడ పడి అంచు మూడు నాలుగు గీతలవుతుంది. ఒకే పలకగా వెలిగే 20 వాట్ల సీఓబీ ఎల్‌ఈడీ, వెలుగును పరిచే పైమూత (డిఫ్యూజర్) తీసేసి, 12 వోల్టుల బ్యాటరీకి తగిలించాం. తెరకు ఆరడుగుల వెనక, ఆడించేవాళ్ళ తలల కంటే ఎత్తున.

తాడు నిజానికి రెండు. పెద్దాయన చేతి నుంచి తెర పైకర్ర దాకా 8 మిల్లీమీటర్ల కొబ్బరితాడు, అక్కడ చిన్న కప్పీ మీదుగా వెనక్కి వెళ్ళి సన్న నూలుతాడుకు ముడి. కొబ్బరితాడే తెర వెనక్కి వస్తే నీడలో దూలమంత లావు కనపడుతుంది. కార్మికుడు నిలబడి ఉన్నంతసేపు తాడు బిగువుగా ఉంటుంది. మోకాళ్ళు వంగగానే పెద్దాయన చేతిలో తాడు వదులై జారుతుంది. ఆఖరి వరుసలో ఉన్నవాళ్ళకు తెర సరిగ్గా కనపడకపోయినా ఆ తాడు కనపడుతుంది.

30 నుంచి 34వ రోజు దాకా. కనపడని గ్యాసు

అందరికీ ముందు తట్టేది పొగ. సాంబ్రాణి పొగ తెర వెనక వదిలి చూశాం, నీడలో బ్రహ్మాండంగా వచ్చింది. రిహార్సల్ చూడటానికి వచ్చిన కార్మికుల్లో ఒకాయన, “గ్యాసు కంటికి కనపడితే ఎవరైనా ఎందుకు దిగుతారు బాబూ?” అన్నారు. ఆ రాత్రే పొగ తీసేశాం. అందంగా ఉన్న అబద్ధం అది.

గుంటలో ప్రాణం తీసే హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాసుకు రంగు లేదు. గాలి కంటే కొంచెం బరువు, అడుగున పేరుకుంటుంది. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్ళిన కోడిగుడ్డు వాసన. 100 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్ళకు వంద పాళ్ళు) దగ్గర ముక్కు మొద్దుబారి కొన్ని నిమిషాల్లోనే వాసన తెలియడం ఆగిపోతుంది. 700 దాటితే ఒకటి రెండు ఊపిర్లకే స్పృహ పోవచ్చు. గాలిలో 20.9 శాతం ఉండాల్సిన ఆక్సిజన్ గుంటలో 19.5 కంటే తగ్గినా ప్రమాదమే, దానికి అసలు వాసనే లేదు. బురదను కర్రతో కదిపినప్పుడు అందులో చిక్కుకున్న గ్యాసు ఒక్కసారిగా లేస్తుంది. మూత తీసి గంట ఆగాం కదా అనుకున్నవాళ్ళు కూడా అక్కడే దెబ్బతింటారు.

అంటే చూపించాల్సింది వాసన కాదు, వాసన పోవడం. అది దొరికాక మిగతాది తేలికైంది. కంజీర మీద గరుకు దరువు ఒకటి వాసనకు గుర్తుగా పెట్టాం. కేతిగాడు ముక్కు మూసుకున్నప్పటి నుంచి అది ఆగకుండా మోగుతుంది, కార్మికుడు లోపలికి దిగేకొద్దీ పెరుగుతుంది, బురదలో కర్ర పెట్టగానే తెగిపోతుంది. నిశ్శబ్దం.

“ఏమే బంగారక్కా, కంపు ఆగిపోయిందే!”
“ఆగితే మంచిదేగా.”
“మంచిదో చెడ్డదో లోపలున్నోణ్ణి అడుగు.”
“అడిగా. పలకట్లేదు.”

ఈ నాలుగు మాటల మధ్యే ఆ తొమ్మిది సెకన్లు. “మంచిదేగా” దగ్గర జనం నవ్వుతారు. నవ్వనివ్వాలి. తర్వాతి మాటకు ముందు రెండు సెకన్లు ఆగకపోతే “పలకట్లేదు” ఆ నవ్వులో కలిసిపోతుంది.

గ్యాసు ఉందో లేదో చూడటానికి దీపం దించే పాత అలవాటును తెర మీద చూపకూడదు, తప్పు అని చెప్పడానికి కూడా. గుంటలో మీథేన్ ఉంటే ఆ దీపమే పేలుడు. చూసినవాళ్ళకు మాట గుర్తుండదు, బొమ్మ గుర్తుంటుంది.

36వ రోజు. చట్టం మాటలు

మొదటి రాతలో నష్టపరిహారం 10 లక్షలని ఉంది. అది పాత అంకె. మనుషులతో మురుగెత్తించడం మీద పోరాడే సఫాయి కర్మచారీ ఆందోళన్ వేసిన కేసులో 2014 మార్చి 27న సుప్రీంకోర్టు, 1993 నుంచి మురుగు పనుల్లో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ 10 లక్షలు ఇవ్వాలని చెప్పింది. 2023 అక్టోబరు 20న దాన్ని 30 లక్షలు చేసింది. శాశ్వత వైకల్యం కలిగితే 20 లక్షలకు, ఇతర వైకల్యానికి 10 లక్షలకు తగ్గకూడదు. ఇలాంటి ఆటలో ఒక అంకె తప్పితే దాన్ని నమ్మి ఆఫీసుకు వెళ్ళిన కుటుంబం తక్కువకు సంతకం పెట్టి వస్తుంది. అందుకే ఈ ఐదు నిమిషాల్లో సొంత మాటలు కలపడం నిషేధం.

రక్షణ లేకుండా మురుగులోకి, సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపడాన్ని, మనుషులతో మురుగెత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టంలోని 7వ సెక్షన్ అడ్డుకుంటుంది. మొదటి తప్పుకే రెండేళ్ళ దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. బెయిలబుల్ కాదు. ఇవి చెప్పేది కేతిగాడు కాదు, బంగారక్క. వాడు అడ్డదిడ్డంగా అడుగుతాడు, ఆమె తిప్పి కొడుతుంది. “సందు ఇరుకు, మిషను పట్టదు” అని పెద్దాయన తరఫున వాడు వాదిస్తే, 2017లో హైదరాబాద్ జలమండలి ఇరుకు సందుల కోసమే నీళ్ళ ధారతో అడ్డు తీసే చిన్న జెట్టింగ్ యంత్రాలు దింపిన సంగతి ఆమె చెబుతుంది. అంకెలు చెప్పేటప్పుడు చుట్టగా చుట్టిన గుడ్డ విప్పుతూ పోతాం, చేర్యాల పటం విప్పినట్టు. ఒక్కో గడిలో ఒకే అంకె, అడుగు ఎత్తు అక్షరాలు.

ఈ పోరాటానికి తెలుగు నేలతో ఉన్న చుట్టరికాన్ని రెండు వాక్యాల్లో చెప్పాం. కోలారు బంగారు గనుల్లో తెలుగు కుటుంబంలో పుట్టి సఫాయి కర్మచారీ ఆందోళన్‌ను నడిపిన బెజవాడ విల్సన్, ఆయనకు అండగా నిలిచిన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్. శంకరన్ పేరు వినగానే పెద్దవాళ్ళ మొహాలు మారతాయి, ఇంకేమీ కలపక్కర్లేదు.

38వ రోజు. ఆట ఆపే చోటు

మొదటివాడు పడ్డాక రెండోవాడు కాపాడబోయి దిగుతాడు. చాలా చోట్ల రెండో చావు ఇలాగే వస్తుంది. ఆ బొమ్మ కాలు మూత అంచు దాటగానే బంగారక్క “ఆపండి” అంటుంది. దీపం వెలుగుతూనే ఉంటుంది. చూసేవాళ్ళలో ఒకరిని పిలిచి, బొమ్మ బద్ద చేతికిచ్చి, “ఇప్పుడేం చేద్దాం?” అని అడుగుతాం. బ్రెజిల్‌కు చెందిన అగస్టో బోయల్ ఫోరం థియేటర్‌లో ప్రేక్షకుడు పాత్ర స్థానంలోకి వచ్చి కథ మారుస్తాడు. ఇక్కడ మనిషికి బదులు బొమ్మ ఉండటం మేలైంది. నటించడానికి సిగ్గుపడే ఆడవాళ్ళు కూడా బద్ద పట్టుకుని తెర వెనక నుంచి మాట్లాడతారు.

వచ్చే జవాబుల్లో ఎక్కువ “నేనూ దిగుతా.” దాన్ని వెక్కిరించకూడదు, అది ప్రేమ. దిగనిచ్చి, ఆ బొమ్మ మోకాళ్ళూ వంచి, మళ్ళీ మొదటికి తెచ్చి అడగాలి. తాడుతో పైనుంచి లాగడం, 101కి, 112కి ఫోన్ చెయ్యడం, గాలి యంత్రం పెట్టించడం, ఎవరూ దిగకుండా అడ్డుకోవడం. ఇవి జనం నోటి నుంచే రావాలి. ఆరు నిమిషాలు దాటితే వదిలెయ్యాలి.

చనిపోయినవాళ్ళ ఇంటి మనుషులు ఉన్న వాడలో ఈ భాగం గురించి ముందురోజే వాళ్ళకు చెప్పి, వద్దంటే తీసెయ్యాలి. అడక్కుండా ఆడటం తప్పు.

41వ రోజు. మొదటి ఆట

7.15కు మొదలు. దానికి ముందు చీకటి చాలదు, 8 దాటితే తెల్లవారుజామున డ్యూటీకి వెళ్ళేవాళ్ళు ఉండరు. తెరకు ఎదురుగా ఉన్న వీధిదీపం వెలుగు రంగులను తినేసింది. తీగల దగ్గరికి ఎవర్నీ ఎక్కించలేం కాబట్టి తెరను అప్పటికప్పుడు గోడ వైపు తిప్పుకున్నాం, జనం కూడా తిరిగారు. పగటి చూపులోనే దీపం ఎటుందో రాసుకోవాల్సింది.

పిల్లలు తెర వెనక్కి వచ్చేశారు. తరిమితే మళ్ళీ వస్తారు. ఇద్దరికి కంజీర, తాళాలు ఇచ్చి కూర్చోబెడితే మిగతావాళ్ళు వాళ్ళ చుట్టూ కూర్చున్నారు.

తాడు వదులైన క్షణం కుదరలేదు. తెర వెనక మోకాళ్ళు వంగాయి, ముందు పెద్దాయన చెయ్యి మాత్రం ఇంకా బిగించి లాగుతోంది. కూలినవాడు గాల్లో వేలాడాడు. చెయ్యి పట్టుకున్నవాళ్ళకు తెర కనపడదు, కంజీర ఆగడమే గుర్తు, పక్కన కుక్కలు అరుస్తుంటే ఆ ఆగడం వినపడలేదు. ఇకమీద గుర్తు చెవికి కాదు, చేతికి. వెనకున్నవాళ్ళు నూలుతాడును రెండుసార్లు చిన్నగా గుంజుతారు, రెండో గుంజుకు ముందున్నవాళ్ళు వదులుతారు.

మధ్యలో ఎవరైనా వచ్చి ఆపమంటే ఏం చెయ్యాలో ముందే తేల్చుకోవాలి. 1989 జనవరి 1న సాహిబాబాద్ ఝండాపూర్‌లో వీధి నాటకం ఆడుతుండగా దాడి జరిగి, మర్నాడు జన నాట్య మంచ్ బృందాన్ని నడిపే సఫ్దర్ హష్మీ చనిపోయాడు. 4వ తేదీన ఆ బృందం అదే చోటికి వెళ్ళి ఆ నాటకాన్ని పూర్తిచేసింది. మా ఏర్పాటు చిన్నది. మాట్లాడటానికి ఒక్కరే వెళ్తారు, వాడ పెద్దలు ఇద్దరు పక్కన ఉంటారు. బొమ్మ లోపల ఉన్నవాళ్ళను ముందు బయటికి తీస్తారు, ఎందుకంటే ఆ చట్రంతో పరిగెత్తడం కుదరదు. దీపం ఆర్పరు.

42వ రోజు. రిపేరు

పెద్దాయన ఎడమ చెవి అంచు లేచింది, మంచు తగిలిన చోట ప్రైమర్ పలచగా ఉంది. జిగురు పెట్టి ప్యాకింగ్ కాగితం రెండు పొరలు, ఆరాక మళ్ళీ ప్రైమర్. మోసిన ఇద్దరికీ కుడి తుంటి మీద నవారు ఒరుసుకుంది, లోపల పాత దుప్పటి ముక్క కుట్టాలి. కార్మికుడి బొమ్మ కుడి మోకాలి కన్నం సాగి 3 మిల్లీమీటర్లది 5 అయ్యింది. ఫిల్ము రెండు వైపులా బిళ్ళ అతికించి కొత్త కన్నం పొడవాలి, పాత కన్నానికి అర అంగుళం పైన. దారం ఒక చుట్టు వదులు, అంతకుమించి కాదు. మైదా అరకిలో, నవారు రెండు మీటర్లు, కంజీరకు కొత్త తోలు తెచ్చుకోవాలి. వచ్చే ఆట శనివారం, చెరువు వెనక వాడలో. అక్కడ తీగలు కిందికున్నాయి, మెడ దింపి ఎనిమిదిన్నర అడుగులతోనే ఆడాలి.